నీటి ఋణము

మనుష్యుడు ఋణములతోనే పుట్టుచున్నాడని మన పూర్వులు తలచిరి. దేవతలకును, ఋషులకును, పితరులకును తీర్పవలసిన ఋణములను వారు లెక్కించి చెప్పిరి. ఆ భావములోని సారమును గ్రహించినచో, మనకు ముందుండి మనకు దక్కిన దేదియు మన సొంతము గాదనియు, అనుభవించి చెడకుండ ముందువారికి సాగింపవలసినదనియు తేలును. ఆ లెక్కలో నీరు చేర్పబడలేదు. నాటి మనుష్యుడు నదికి చేయగల కీడు స్వల్పమగుటచే ఆ యవసరము తోపక యుండవచ్చును. నేడు తోచుచున్నది. నీటిని వాడుకొనువాడు దానిని ఎట్టి స్థితిలో విడువవలెను? విడిచిన పిమ్మట అది యెవరి వాకిటికి బోవునో విచారించుట అతని దయయా, ధర్మమా? ఈ ప్రశ్నను మేము మా ప్రాంతమును ముందుంచుకొని, ఇటీవల పట్టణములలో వినవచ్చుచున్న యొక క్రొత్త సేద్యమును ఉదాహరణముగా గైకొని విచారింపదలచితిమి.

తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా పశ్చిమ డెల్టాలోని యూళ్లు. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన నాటనుండియు, 1957లో ప్రకాశము బరాజు వెలసిన పిమ్మటను, మా యన్నము కాలువ వెంటనే వచ్చుచున్నది. తెనాలి పట్టణము గుండ మూడు కాలువలు పాఱుచున్నవి. కాలువకు తల యొకచోట, తోక యొకచోట. తలనున్నవానికి నీరు ముందు. తోకనున్నవానికి నీరు వచ్చిన యేట పంట, రాని యేట తగవు. ఎగువవారు విడిచిన మలినము మాత్రము ఏ యేడును తప్పదు. రేపల్లె, బాపట్ల దిక్కున చివరి భూములవారికి ఈ సంగతి ఒకరు బోధింపనక్కఱలేదు.

గడచిన ముప్పదియైదేండ్ల చరిత్ర ఈ ప్రశ్నను మఱింత తీవ్రము చేసినది. 1990 తరువాత నిజాంపట్నము మొదలుగా తీరము పొడవునను రొయ్యల చెఱువులు వ్యాపించెను. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చి వానిలో పెక్కింటిని ఖాళీ చేసెను. చెఱువులనుండి వెడలిన యుప్పునీరు ప్రక్క పొలములను, మంచినీటి బావులను చెఱచుచున్నదను ఫిర్యాదులు దేశపు తీరమంతటను లేచెను. 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు, కాలుష్యము చేసినవాడే దాని మూల్యమును చెల్లింపవలెనను న్యాయము నాధారముగా గొని తీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు తీర జలసేద్యమునకు ఒక చట్టము చేసెను. 2009లో వనామీ యను విదేశపు రొయ్యకు అనుమతి లభింపగా చెఱువులు మఱల నిండెను. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, ఆ వార్త మా చెఱువుగట్ల మీదికి వచ్చుటకు ఎక్కువ దినములు పట్టలేదు.

ఈ వృత్తిని నిందించుట మా యుద్దేశము గాదు. దానివలన ఎన్నియో కుటుంబములకు కూలి దొరకినది, ఇండ్లు నిలిచినవి, పిల్లలు బడికి వచ్చిరి. కాని దానియందు రెండు లోపములు కలవు. దాని మలినము పొరుగువానికి చేరును, దాని యాహారము పరదేశమునకు చేరును. చేపల యుత్పత్తిలో మన రాష్ట్రము దేశమున ప్రథమస్థానము వహించుచున్నది. అట్టి రాష్ట్రముననే, 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనతతో నున్నారు. గాదె నిండుగానుండి, ఇంటి యిల్లాలు పాలిపోయి యున్నచో, ఆ యింటి యజమానుని సమర్థుడని యెవరును పొగడరు.

ఇక క్రొత్త సేద్యము మాట. దీనిని ఆక్వాపోనిక్స్ అందురు. మేము మత్స్యశాకసేద్యమని పిలిచెదము. ఒక తొట్టిలో చేపలు పెరుగును. ప్రక్కన కంకరతో నింపిన మడులలో, మట్టి లేకుండ, ఆకుకూరలు పెరుగును. చేప విసర్జించునది ముఖ్యముగా అమోనియా. అది నీటిలో నిలిచినచో చేపకే విషము. కంకరను అంటియుండు సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగా మార్చును, మఱికొన్ని నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు మొక్కకు ఆహారము. మొక్క దానిని పీల్చుకొనగా తేఱిన నీరు మఱల చేపయొద్దకు వచ్చును. ఈ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు మూడు మొదలు ఐదు వారములు పట్టును. నీరు ఆవిరియై, ఆకులద్వారా పోయినంత మాత్రమే మఱల పోయవలసి యుండును. మంచినీరు కొఱతగానున్న వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయమున జేమ్స్ రకోసీ యను శాస్త్రజ్ఞుడు అనేక సంవత్సరములు ఈ పద్ధతిని పరీక్షించి రూపొందించుట ఆశ్చర్యము గాదు. భూగర్భజలము ఉప్పెక్కుచున్న మా తీరపు టూళ్లకును అది తగియున్నది.

ఇందలి తత్త్వము మనకు క్రొత్తది గాదు. స్నానపు నీరు అరటి పాదులకును, గిన్నెలు కడిగిన నీరు చేమదుంపల మడికిని, బియ్యము కడిగిన కుడితి గేదెకును పోవుట మన పెరళ్లలో నిన్న మొన్నటివఱకు నున్న యాచారమే. పెద్ద యెత్తున జూడగోరువారు కలకత్తాకు తూర్పుననున్న చిత్తడినేలలను జూడవచ్చును. ఆ మహానగరపు మురుగునీరు అచ్చటి చెఱువులలో ఎండకు తేఱి చేపలను పెంచి, కూరతోటలను తడుపుచున్నది. సుమారు 12,500 హెక్టేరుల ఆ ప్రదేశమును 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. మలినమనునది వస్తువుయొక్క గుణము గాదు, స్థానభ్రష్టత్వము. కావలసినచోట నున్నప్పుడు అదియే ఎఱువు.

ఇచ్చట కొందఱు గృహస్థులు ముఖము చిట్లింతురు. చేప మురికితో పెరిగిన తోటకూర శుచియా యని యడుగుదురు. పేడతో పెరిగిన తోటకూరను పూజగది ప్రక్కనే తరిగికొను మనము ఈ ప్రశ్న వేయుటలో అర్థము లేదు. ఆ జుగుప్స నిజముగా నీటిపై గాదు, చేపను పట్టి బ్రదుకు కులములపై. దానిని శౌచమను పేరుతో గౌరవించుట మాని, ఉన్నదున్నట్లు చూచుట మంచిది. ఇక హింస మాట. చేపను భుజింపనివారి మనస్సాక్షిని మేము తక్కువ చేయము. కాని మిద్దెపై చేప పెరుగకున్నను, వారి భోజనమునకై వాడిన పురుగుమందు కాలువలో చేపలను చంపుచునే యున్నది. కంటికి కనబడు హింసను వర్జించి, కనబడనిదానిని అంగీకరించుట అహింస యనిపించుకొనదు.

మాకు ఈ సేద్యమున మిక్కిలి గొప్పగా తోచినది వేఱొకటి. ఇందు సేద్యగాడు మోసము చేయజాలడు. మొక్కపై పురుగుమందు చల్లినచో చేప చచ్చును. చేపకు విచ్చలవిడిగా మందులు వేసినచో సూక్ష్మజీవులు నశించి, నీరు విషమై, చేపయు మొక్కయు చెడును. అతడు చేసిన కీడు అతని తొట్టిలోనే అతనికి ఎదురగును. కాలువలో వేసిన కీడో, ఇరువది మైళ్ల దూరమున నొక తెలియని యిల్లాలి బిందెలో తేలును. బలవంతముచే కలిగిన ధర్మము ధర్మమగునా యని తార్కికులు ప్రశ్నింతురు. కాదనియే మేమును ఒప్పుకొందుము. కాని బలవంతము కన్ను తెఱపించును, తెఱచిన కన్ను దూరమును జూడ నేర్చుకొనును. కృష్ణా డెల్టాయు ఒక తొట్టియే. గోడలు కనబడకుండుట మాత్రమే భేదము.

అట్లని దీనిని సర్వరోగ నివారిణియని చాటుట అసత్యము. లెక్క చూతము. దినమునకు కిలో మేత వేసినచో 50 మొదలు 100 కిలోల చేపలను పోషింపవచ్చును, 20 మొదలు 25 చదరపు మీటరుల ఆకుకూరల మడికి ఎఱువు దొరకును. కిలోన్నర మొదలు రెండు కిలోల మేతకు ఒక కిలో చేప పెరుగునని యనుకొన్నచో, ఏడాదికి 180 మొదలు 240 కిలోల చేప వచ్చును. ఇది రెండు మూడు కుటుంబముల కంచములకు మేలైన చేర్పు. ఒక మనుష్యునికి పూర్తి జీతము మాత్రము గాదు. వరి దీనిలో పండించుట లాభము గాదు. కరెంటు పోయి గాలి యందకున్న కొన్ని గంటలలో చేపలు చచ్చును. తొట్లకు, పంపులకు ముందుగా సొమ్ము కావలయును. అన్నిటికంటె ముఖ్యము, మేత సముద్రపు చేపల పిండితో చేసినదైనచో, ఋణము తొట్టిలో తీఱి సముద్రమున మిగులును. మా ప్రాంతమున దొరకు తవుడు, నూనెచెక్కలు, నీటిపై పెరుగు అజొల్లా వంటివానితో దానిని ఎంతవఱకు తగ్గింపవచ్చునో పరీక్షింపవలసి యున్నది. 1945నుండి వ్యవసాయవిద్య నేర్పుచున్న బాపట్ల కళాశాలవంటి సంస్థకు ఇంతకంటె తగిన పని యేమి కలదు?

ఉపాధి మాట చెప్పునపుడు మఱింత జాగ్రత్త కావలయును. పనిలేని యువకునికి ఆశ చూపి, అప్పు చేయించి, యంత్రములమ్ముట పుణ్యకార్యము గాదు. ఒక ధనికుని మిద్దెపై పెరిగిన విదేశపు టాకులు దూరపు నగరముల హోటళ్లకు బోయి, కూలివానికి కూలి మాత్రమే మిగిలినచో, రొయ్యల చెఱువు కథయే చిన్న తొట్టిలో మఱల జరిగినట్లగును. 2010లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ గాజా నగరమున, స్త్రీలే కుటుంబభారము వహించిన కొన్ని యిండ్ల డాబాలపై ఇట్టి తొట్లను పెట్టించెను. భూమి లేనివారికి ఇంటికప్పే భూమియైనది. ఆ మార్గమే మాకును తగినది. బడులు, వసతిగృహములు, స్త్రీల పొదుపు సంఘములు దీనికి యజమానులైనచో, నారు పెంచుట, తొట్లు కట్టుట, పంపులు బాగుచేయుట, తెల్లవాఱకముందే కూర కోసి వీధివీధికి చేర్చుట మున్నగు చిన్నచిన్న పనులు పలువురికి కొంత కొంత దొరకును. పైరు మధ్య పనిలేని దినములలో ఆ కొంతయే పొయ్యిని ఆఱనీయదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లయొద్ద తీరము దాటినట్టి దినములలో, దారులు తెగి బండి రానప్పుడు, వీధి చివర మడి యుండుట చిన్న సంగతి గాదు. తుపానునకు ఆ మడియు తొట్టియు చెదరకుండ కట్టు నేర్పును సంపాదింపవలెననుటయు నిజమే.

వైద్యశాస్త్రము చెప్పుచున్న యొక మాటను గృహిణులకు విన్నవింతుము. ఆకుకూరలోని ఇనుము ఒంటరిగా దేహమునకు తక్కువగా అబ్బును. చేపతో గలిపి తిన్నచో ఎక్కువగా అబ్బును. చేప తిననివారు నిమ్మరసము చేర్చుకొనవచ్చును. ఒకే నీటిలో పుట్టిన యీ రెండును ఒకే కంచములో కలిసికొనుట మా కన్యలకు మేలు చేయును.

పెరటిచెట్టు మందునకు రాదని సామెత. దగ్గఱనున్నదానిని తక్కువ చేయు మన యలవాటును అది పట్టి చూపుచున్నది. మా తెనాలి మిద్దెలపై నీరు చక్రమువలె తిరిగినంత మాత్రమున రేపల్లె బావులు తేటపడవు. ఆ తొట్టియొద్ద నిలిచిన బాలుడు, ఈ నీరు ఎచ్చటికి బోవును, ఈ కూర ఎవరు తిందురు, ఈ పనికి ఫలమెవరిది యని యడుగుట నేర్చినచో, రేపు కాలువగట్టున నిలిచియు, చెఱువుగట్టున నిలిచియు, పురపాలక సభలో కూర్చుండియు అదే ప్రశ్న అడుగును. కోర్టు ఆజ్ఞలు, పార్లమెంటు చట్టములు చేయలేకపోయిన పని ఆ ప్రశ్న చేయగలదని మా విశ్వాసము. నీటిని తీసికొన్న ప్రతివాడును దిగువవానికి అప్పుపడియున్నాడు. అప్పును ఒప్పుకొనుట దానిని తీర్చుటలో మొదటి మెట్టు. రెండవది, మన మురుగునీరు మన గడప దాటకముందే దానికొక మడిని కల్పించుట.