దప్పిగొన్నవాని కథ ఎవరిది?



మా సంఘములో పుట్టి పెరిగిన ఒక యువకుడు టెక్సాసు రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. మొన్నటి క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడు నాలుగు పుస్తకములు తెచ్చి మా బల్లమీద పెట్టి, "అయ్యగారూ, ఇవి చదివి నాకొక మాట చెప్పండి. మెక్సికో సరిహద్దులో ఎడారి దాటి వచ్చేవాళ్లకు నీళ్లిచ్చినవాళ్లు కోర్టు బోనెక్కారు. వాళ్ల బాధను పుస్తకాలుగా రాసినవాళ్లు పేరు తెచ్చుకున్నారు. ఇది న్యాయమేనా?" అని అడిగెను. మేము తొందరపడి న్యాయము కాదని చెప్పి పంపితిమి. పుస్తకములు చదివిన తరువాత ఆ జవాబు మాకే చాలలేదు. నీళ్లిచ్చిన చేయి మంచిది, కలము పట్టిన చేయి చెడ్డది అని చెప్పుటకు వీలులేకపోయినది. కావున ఈ నెల మన పత్రికలో ఆ ప్రశ్ననే మరల ఎత్తుకొనుచున్నాము.

ముందుగా ఆ స్థలమును గూర్చి కొంచెము చెప్పవలెను. అమెరికాకును మెక్సికోకును నడుమ సరిహద్దు సుమారు 3,100 కిలోమీటర్లు. 1848లో యుద్ధానంతరము జరిగిన సంధివలన మెక్సికో తన భూమిలో సుమారు సగము పోగొట్టుకొనెను. 1853లో మరికొంత అమ్ముకొనెను. ఇల్లు విడువకుండనే పరదేశులైన కుటుంబములు అక్కడ అనేకములు. వారి సంతతివారు, తరువాత మధ్య అమెరికా దేశములనుండి వచ్చినవారు, స్పానిషు మాటలాడువారు, వీరినే నేడు లాటినోలు అనుచున్నారు. 1994లో అమెరికా ప్రభుత్వము పట్టణములయొద్ద కావలి బలపరచెను. ఎడారి తానే జనులను వెనుకకు త్రిప్పునని వారి అంచనా. జనులు త్రిరుగలేదు, ఎడారిలోనికి నడిచిరి. అప్పటినుండి అక్కడ దప్పిచేతను ఎండచేతను చచ్చినవారు వేలకొలది.

ఇక నీళ్లిచ్చినవారి సంగతి. ఎల్ సాల్వడోరు, గ్వాటెమాలా దేశములలో ప్రాణభయముచేత పారిపోయి వచ్చినవారికి ఆశ్రయమిత్తుమని 1982 మార్చి 24న టూసాను పట్టణములోని సౌత్‌సైడ్ ప్రెస్బిటీరియను సంఘము బహిరంగముగా ప్రకటించెను. ఆర్చిబిషప్పు రొమేరో హత్య జరిగి ఆ దినమునకు రెండేండ్లు. ఆ సంఘ కాపరి జాన్ ఫైఫ్. ఆయనతో కలిసి పనిచేసిన జిమ్ కార్బెట్ క్వేకరు మతస్థుడు, మేకలు కాచుకొనువాడు. ప్రభుత్వపు వేగులవారు వస్త్రములలో యంత్రములు దాచుకొని దేవాలయములోని కూటములలో కూర్చుండి వారి మాటలు పట్టిరి. 1986లో ఎనిమిదిమందిని దోషులని తీర్చిరి. ఫైఫ్ వారిలో ఒకడు. ఎవరిని చెరసాలకు పంపలేదు. 2000లో కొందరు క్రైస్తవులు కూడి, అటుతరువాత ఎడారిలో నీటి పీపాలు నిలిపి, దూరమునుండి కనబడునట్లు వాటిపైన నీలిజెండాలు ఎగురవేసిరి. 2018 జనవరిలో ఆహో అను చిన్న ఊరిలో స్కాట్ వారెన్ అను భూగోళ శాస్త్ర పండితుడు ఇద్దరు బాటసారులకు అన్నము, నీళ్లు, పడక ఇచ్చినందుకు పట్టుబడెను. మొదటి విచారణలో జ్యూరీవారు ఏకమాట కాలేకపోయిరి. 2019 నవంబరులో రెండవ జ్యూరీవారు నిర్దోషియని విడిచిపెట్టిరి.

రాజ్యమునకు సరిహద్దు కాచుకొను అధికారము లేదని మేము అనము. పై అధికారులకు లోబడవలెనని పౌలు రోమా సంఘమునకు వ్రాసిన సంగతి మనకు తెలియును. అయితే దప్పిగొన్నవానికి కడవ వంచుటకు ముందు వాని కాగితములు చూడవలెనని ఏ అధికారి చెప్పినను, ఆ మాట మన ఊరి అరుగుమీద కూర్చున్న ముసలమ్మకుకూడ నచ్చదు. ఇందులో మాకు పెద్ద చిక్కు కనబడలేదు. చిక్కు అంతయు కలముదగ్గరనే యున్నది.

నీళ్లు త్రాగినవాడు త్రాగి దాటిపోవును. వాని కథయో, వ్రాసినవానియొద్ద నిలిచిపోవును, అచ్చుపడును, అమ్ముడుపోవును. వాడు ఎన్నడును చూడని ఊళ్లలో వానిని గూర్చి జనులు కన్నీరు కార్తురు. అందులో వాని పాలు ఏమి?

2020 జనవరిలో జనీన్ కమ్మిన్స్ అను రచయిత్రి 'అమెరికన్ డర్ట్' అను నవల ప్రచురించెను. మెక్సికోలో హంతకులనుండి తప్పించుకొని కొడుకుతో ఉత్తరమునకు పారిపోవు ఒక తల్లి కథ అది. ప్రకాశకులు గొప్ప ధనమిచ్చిరి. దానికై ముందుగా జరిగిన విందులో బల్లలమీది పూలకు ముళ్లతీగ చుట్టి అలంకరించిరట! లాటినో రచయితలు పలువురు ఇది మా బ్రదుకు కాదు, మా బ్రదుకునకు వేసిన వేషమని కోపించిరి. ఆమె సభల యాత్ర ఆగిపోయెను. అయినను న్యాయము చెప్పవలెనన్న, ఆమె చాల ఏండ్లు శ్రమపడి సంగతులు కూర్చుకొనెను; సాండ్రా సిస్నెరోస్ వంటి పేరుగల లాటినో రచయిత్రికూడ ఆ పుస్తకమును మెచ్చుకొనెను. పుస్తకముకంటె ఆ పూలే మమ్మును ఎక్కువ బాధించినవి. ఒకని కాలు చీల్చిన తీగ మరియొకని విందుబల్లకు శృంగారమైనది.

అయితే అట్లు కాని కలములు కూడ కలవు. లూయీస్ అల్బెర్తో ఉర్రేయా 1955లో సరిహద్దు పట్టణమైన తిహువానాలో పుట్టెను. తండ్రి మెక్సికోవాడు, తల్లి అమెరికనురాలు. ఒక బాప్తిస్టు కాపరివెంట పోయి ఆ ఊరి చెత్తకుప్పలమీద బ్రదుకు జనులకు ఆహారమిచ్చుటలోను, పుండ్లు కడుగుటలోను కొన్ని ఏండ్లు గడపెను. వారిని గూర్చిన పుస్తకము 1993లోగాని వెలువడలేదు. మొదట బేసిను, తరువాత కలము. 2001 మే నెలలో ఎడారిలో దారితప్పిన 26 మందిలో 14 మంది చనిపోయిన సంగతిని 2004లో 'డెవిల్స్ హైవే' అను పుస్తకముగా వ్రాసెను. అందులో కావలివారినిగూడ రాక్షసులుగా చిత్రింపక, చచ్చుచున్నవారికొరకు వెదకులాడిన మనుష్యులుగా చూపెను. గ్లోరియా అన్సల్దువా సంగతి వేరు. ఆమె టెక్సాసు లోయలో పొలము పనివారి ఇంట 1942లో పుట్టినది. బడిలో స్పానిషు మాటలాడినందుకు బద్దతో వ్రేళ్లమీద కొట్టిరి. 1987లో ఆ స్పానిషును ఇంగ్లీషుతో కలిపి తన కథ తానే వ్రాసెను. ఆమెను ఎవరు అనుమతి అడుగవలెను?

జేసన్ డి లియోన్ అను పండితుని పని మాకు మొదట వింతగా తోచినది. పాతకాలపు కుండపెంకులు వెదకు శాస్త్రముతో ఆయన ఎడారిలో నిన్నటివారు విడిచిన సంచులు, చెప్పులు, నీటి సీసాలు ఏరెను. ఎండకు తళుక్కుమని పట్టియియ్యకుండ ఆ సీసాలు కొన్ని నల్లనివట. ఆయన బృందము ఏర్పరచిన ఒక ప్రదర్శనలో అరిజోనా ఎడారిలో దొరికిన మృతులకు ఒక్కొక్క చీటీ చొప్పున మూడువేలకు పైగా చీటీలను పటముమీద వ్రేలాడదీయుదురు. ప్రదర్శన జరుగు ఊరివారే వాటిని చేతితో వ్రాయవలెను. పేరు తెలిసినవారికి లేత పసుపు చీటీ. తెలియనివారికి నారింజరంగు చీటీ. నారింజరంగువి చాలయున్నవి.

ఆ పేరులేని చీటీలను గూర్చి చదివినప్పుడు మాకు హాగరు జ్ఞాపకము వచ్చినది. ఆదికాండము 16, 21 అధ్యాయములు తెరచి చూడుడి. అబ్రాహాముగాని శారాగాని ఆమెను పేరుపెట్టి పిలిచినట్లు ఎక్కడను లేదు, దాసి అనియే. మొట్టమొదట పేరు పలికినది అరణ్యములో ఎదురైన దూత. పిలిచి ఊరకుండలేదు: ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావు అని అడిగెను. సర్వము ఎరిగిన దేవుని దూతకు ఆ సంగతి తెలియదా? తెలిసియు, ఆమె నోటనే వినగోరెను. నీళ్ల బావి చూపబడినది ఆ తరువాతి సారి, తోలుసంచి ఎండిపోయి, కొడుకును పొదనీడను విడిచి ఆమె దూరముగా కూర్చుండినప్పుడు. 2019 జూనులో అదే అరిజోనా ఎడారిలో, 42 డిగ్రీల ఎండలో, మన దేశమునుండి పోయిన ఒక తల్లి తన ఆరేండ్ల కూతురును తోడివారియొద్ద విడిచి నీళ్లు వెదకబోయినది. ఆమెకు బావి కనబడలేదు. బిడ్డ దక్కలేదు. ఈ వాక్యము వ్రాయుటకు మాకేమి అధికారమున్నదని చాలసేపు కలము ఆపితిమి. వ్రాయకుంటే హాగరు కథను పాతకథయని చదివి మూసివేయుదుముగదా అని వ్రాసితిమి. సరియో కాదో మీరే చెప్పుడి.

మనముకూడ ఒకప్పుడు ఇతరుల కలముక్రిందనున్నవారమే. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో కొంత భాగము కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి త్రవ్వకపు కూలి ఇప్పించిరి. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య అమెరికా సంఘములలో ఎంతో ప్రసిద్ధికెక్కినది. ఆ కూలి మన ముత్తవ్వలను బ్రదికించినది. మేము కృతఘ్నులము కాము. కాని తట్ట మోసిన ఆ స్త్రీ తన కరవును గూర్చి తన మాటలలో ఏమని చెప్పియుండునో వినవలెనని ఎన్నోసార్లు అనుకొంటిమి.

అట్లనుకొన్న మేమే ఏమి చేసితిమో చెప్పక తప్పదు. నాలుగేండ్ల క్రిందట గాలివానకు మా సంఘములోని ఒక విధవరాలి యింటికప్పు ఎగిరిపోయినది. మేము దూరమునున్న దాతలకు ఉత్తరము వ్రాసి, ఆమె పటము జతచేసి, ఈమెకు దిక్కెవరును లేరని వ్రాసితిమి. సొమ్ము వచ్చినది, రేకులు వేయించితిమి. ఆ ఉత్తరము ఎట్లో ఫోనులలో తిరిగి ఆమె తమ్ముని కంటబడినది. ఆమె మా గుమ్మము మెట్టుమీద కూర్చుండి, "అయ్యగారూ, ఇల్లు కప్పించారు, మీ మేలు మరువను. కానీ దిక్కులేదని రాశారే! మా తమ్ముడు నెలనెలా బియ్యం మోసుకొచ్చి పోస్తున్నాడు, మీరూ చూశారు గదా. ఇప్పుడు వాడు మా గడప తొక్కడం లేదు" అనెను.

మేము చూచితిమి. బియ్యపు మూట వ్రాసినయెడల ఉత్తరము బలహీనపడునని విడిచిపెట్టితిమి.

యువకుడు తిరిగి పోవుటకు ముందు అతనికి ఈ సంగతియే చెప్పితిమి. వేరు జవాబు మాయొద్ద లేదు. మరుసటి ఆదివారము సాయంకాలము ఆమె యింటికి పోయి, దాతలకు వ్రాసిన రెండవ ఉత్తరము చదివి వినిపించితిమి. ఆమె మూడు మాటలు కొట్టివేయించినది. తమ్ముని పేరు చేర్పించినది. తరువాత ఆ కాగితము తీసికొని, పొరుగూరిలోనున్న తమ్మునికి చూపెదనని కొంగున ముడివేసికొనెను.