గడువు తీరినను బాధ్యత తీరునా?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:28, 29, లూకా 19:1-10

మోషే ధర్మశాస్త్రములో పొడుచు ఎద్దును గూర్చి ఒక విధి కలదు. ఎద్దు అకస్మాత్తుగా ఒక మనుష్యుని పొడిచి చంపినయెడల దాని యజమానుడు నిర్దోషి. అయితే అది మునుపటినుండియే పొడుచునదని యజమానునికి తెలియజేయబడియు, అతడు దానిని కట్టి ఉంచనియెడల, ఆ ప్రాణమునకు అతడే ఉత్తరవాది. రెండు సంగతులలోను పోయినది మనుష్యుని ప్రాణమే. భేదమంతయు యజమానుడు ఎరిగియుండుటలోనే యున్నది. ఈ పురాతనమైన విధి నేటి ఒక ప్రశ్నకు వెలుగునిచ్చుచున్నది.

కారు గాని ట్రాక్టరు గాని కొనునప్పుడు కంపెనీవారు ఒక వారంటీ కాగితము నిత్తురు. ఇన్ని సంవత్సరములలోగా భాగమేదైన చెడినచో ఉచితముగా బాగుచేయుదుమని దాని భావము. చాల యేండ్లు మన్నవలసిన భాగము ఆ గడువు దాటిన కొలది కాలమునకే పాడైనచో, నష్టమెవరిది? కాగితము ప్రకారము బండి గలవానిది. దేవుని యెదుట ఎవరిది?

మొదట కంపెనీవారి పక్షమున న్యాయముగా మాటలాడుదము. టైర్లు, బ్రేకులు, బెల్టులు అరుగుటకే చేయబడినవి. ఆయిలు మార్చకుండ బండి నడిపి, ఇంజను పట్టేసిన తరువాత చేసినవానిని నిందించుట తగదు. ఎల్లకాలము మీరే భరింపుడని కోరినచో ఆ ఖర్చు బండి వెలలో చేరి అందరిమీద పడును. గనుక గడువు పెట్టుట పాపము కాదు.

అయితే అరుగుదలయు కాక, మన అజాగ్రత్తయు కాక, పుట్టుకతోనే భాగములో దాగియుండు లోపము వేరు. అమెరికా దేశములో జరిగిన ఒక సంగతి చూడుడి. టయోటా కంపెనీవారి టకోమా అను ట్రక్కులలో, 1995 మొదలు 2000 వరకైన మోడళ్లలో, కొన్నిటికి అడుగు చట్రము తుప్పుపట్టి చిల్లులు పడెను. చట్రము ఇంటికి పునాది వంటిది. ఇంజనును పైభాగమంతయు దానినే ఆనుకొని యుండును. ఆ దేశపు చలి ప్రాంతములలో మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పునీరు ఇనుమును తినివేయును. కొన్ని చట్రములకు తుప్పును ఆపు రక్షణ చాలినంత లేకపోయి యుండవచ్చునని కంపెనీవారే తెలిపిరి. 2008లో వారు ఆ చట్రముల వారంటీని 15 సంవత్సరములకు పొడిగించిరి. మిక్కిలి చెడిన ట్రక్కులను మార్కెట్టు వెలకు ఒకటిన్నర రెట్లిచ్చి తిరిగి కొనిరి.

అంతటితో ముగియలేదు. తరువాతి మోడళ్లను గూర్చియు యజమానులు కోర్టుకు వెళ్లిరి. 2016లో కంపెనీవారు తప్పు ఒప్పుకొనకయే, ఇంచుమించు 15 లక్షల బండ్ల విషయమై చట్రములను పరీక్షించి, అవసరమైనచో మార్చుటకు ఒప్పందము చేసికొనిరి.

ఇందులో మనము గ్రహింపవలసినదేమి? ఆ లోపము గడువు తీరిన తరువాత పుట్టలేదు. బండి అమ్మిన దినముననే అది ఇనుములో ఉండెను. కంటికి కనబడుట మాత్రము ఆలస్యమాయెను. గడువు దాటినదని చెప్పుట, పుచ్చు విత్తనము అమ్మి, కోతకాలమున మొగము చాటువేయుట వంటిది.

మరియు ఒక బండి చెడినచో అది అనుకొనని ఎద్దుపోటు. అదే భాగము వందల బండ్లలో అదే విధముగా చెడినచో, అది ముందుగా తెలియజేయబడిన ఎద్దు. బండి గలవాడు తనదొక్కటే చెడెననుకొని తన అదృష్టమును నిందించుకొనును. ఫిర్యాదులన్నియు చేరునది కంపెనీ యొద్దకే. ఎక్కువ ఎరిగినవాని యొద్ద ఎక్కువ అడుగుట న్యాయమే గదా? గట్టిగా కేకలు వేసినవానికి మాత్రము చాటుగా బాగుచేసి, నోరులేనివానిని పంపివేయుట మరింత అన్యాయము.

ఇంకొక సంగతి మరువరాదు. గడువు దాటిన బండి తరచుగా సెకండుహాండులో బీదవాని చేతికి వచ్చును. దానితోనే అతడు కూలికి పోవును, సరకు తోలును. చట్రము విరిగిననాడు అతని జీవనమే విరుగును. ఆలాగున ఒకని లోపమునకు ఖరీదు, అందరికంటె తక్కువ శక్తి గలవాడు చెల్లించుచున్నాడు.

జక్కయ్యను జ్ఞాపకము చేసికొందము. అన్యాయముగా తీసికొనినది నాలుగంతలుగా తిరిగి ఇత్తునని అతడు చెప్పినప్పుడు ఏ న్యాయాధిపతియు అతని పిలువలేదు. ఎన్ని యేండ్లాయెనని అతడు లెక్క చూచుకొనలేదు. ప్రభువు తన యింట అడుగు పెట్టగా, పాత లెక్కలు తామే తెరువబడినవి.

కంపెనీలు దూరమున నున్నవి. మన చేతిపని దగ్గరనే యున్నది. సిమెంటు తగ్గించి గోడ కట్టు మేస్త్రీ, గేదె జబ్బు దాచి సంతలో అమ్మువాడు, సంత దాటినచో నాకేమని తప్పించుకొనజూతురు. ప్రియులారా, మనము అమ్మినదానిలో లోపము మనకు తెలిసినయెడల, కొన్నవాడు మన గుమ్మమునకు రాకముందే మనమే అతని గుమ్మమునకు పోవుదము. మాటకు గడువు ఉండవచ్చును. నమ్మికకు గడువు లేదు. మన చేతిపనిని పరిశోధించు ప్రభువు మనకట్టి నమ్మకత్వము దయచేయును గాక. ఆమేన్.