చీటీ మీద ఎవరి పేరు?

చిత్రకళ, డిజైన్, యానిమేషన్ చదివే విద్యార్థులు చివరి ఏడాదిలో తాము చేసిన పనులన్నీ ఒకచోట పెట్టి లోకానికి చూపిస్తారు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ దగ్గరి లలితకళల కళాశాల 1940లో నిజాం కాలంలో మొదలైంది. 2008లో అది జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. చిత్రలేఖనం, శిల్పం, ఫొటోగ్రఫీ, యానిమేషన్ అక్కడ చదువులే. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగమూ అలాంటిదే. మన తండాల నుంచి, పెంటల నుంచి ఇప్పుడిప్పుడే పిల్లలు ఇలాంటి చదువులకు పోతున్నారు. అందుకే ఈ మాట మాట్లాడుకోవాలి.

అలాంటి ప్రదర్శనల్లో ప్రతి పని పక్కన ఒక చిన్న చీటీ అంటిస్తారు. చేసినవారి పేరు, పనికి పెట్టిన పేరు, దేనితో చేశారు, కొలత ఎంత, ఏ సంవత్సరం. అంతే. మా ప్రశ్న ఆ చీటీలోని మొదటి వరుస గురించి.

దేవరకొండ వైపు ఒక తండాలో మేము చదువు చెప్పిన అమ్మాయి నగరంలో ఒక కళాశాలలో డిజైన్ చదివింది. చివరి ఏడాది ప్రదర్శనకు మమ్మల్ని పిలిచింది. మేమిద్దరం టీచర్లం, ఆమె యాడి, ముగ్గురం కలిసి బస్సెక్కి పోయాం. ఆ అమ్మాయి తన యాడి పాత ఫేటియా మీది కుట్టును గోడంత గుడ్డ మీదికి పెంచి వేసింది. ఎర్ర గుడ్డ, అద్దాలు, గవ్వలు. పక్కనే ఒక చిన్న తెర మీద యాడి చేతులు సూదిలో దారం ఎక్కిస్తూ, గుడ్డలో సూది గుచ్చి తీస్తూ కనిపిస్తున్నాయి. ముఖం లేదు, చేతులే. వచ్చినవాళ్లంతా అక్కడే ఆగి చూస్తున్నారు.

యాడికి చదువు రాదు. చీటీ చూపించి "ఏం రాసిన్రు?" అని గోర్ బోలిలో అడిగింది. చదివి చెప్పాం. అందులో బిడ్డ పేరు ఒక్కటే ఉంది. ఆమె ముఖం వెలిగింది. "నా బిడ్డ పేరు పట్నంల గోడ మీద ఉన్నది" అన్నది. తిరిగి వచ్చేటప్పుడు, మాల్ దాటినాక, నవ్వుతూనే ఇంకో మాట అన్నది. "నాకు ఆ కుట్టు నేర్పింది మా అత్త. ఆమె పేరు యాడ రాస్తరు సారూ?" మేమూ నవ్వి ఊరుకున్నాం. ఇంటికి చేరినాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

నాగార్జునసాగర్ మన నల్లగొండలోనే ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాం అది. వేల చేతులు ఆ రాళ్లు మోశాయి. ఇలాంటి కట్టడాల శిలాఫలకాల మీద పెద్దల పేర్లు ఉంటాయి, రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఉండవు. కట్టినవాళ్ల పేర్లు రాయని ఫలకాన్ని తప్పు పట్టే మనం, నేర్పినవాళ్ల పేరు రాయని చీటీని ఒప్పుకోవచ్చా?

ఈ మాట ఆ అమ్మాయిని అడిగాం. ఆమెకు కోపం వచ్చింది. "మా క్లాసులో మిగతా పిల్లలను ఎవరన్నా ఇట్ల అడిగిన్రా సార్? వాళ్లది ప్రతిభ, నాది మాత్రం తండా ఆస్తా?" అన్నది. ఆ మాటలో న్యాయం ఉంది. పికాసో 1907లో పారిస్ మ్యూజియంలో ఆఫ్రికా మాస్కులు చూశాడు. అవి ఆయన బొమ్మలను మార్చేశాయి. పికాసో పేరు లోకమంతా తెలుసు, ఆ మాస్కులు చెక్కినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆయన్ను అడగని లెక్క మన బిడ్డనే ఎందుకు అడగాలి? పైగా గుడ్డను గోడంత చేయాలన్న ఆలోచన, ముఖం వదిలేసి చేతులే చూపాలన్న నిర్ణయం, వెలుగు ఎక్కడ పడాలన్న లెక్క, ఇవన్నీ ఆమెవే. ఆమె అవ్వలు వేలిముద్రలు వేసినవాళ్లు. ఇన్ని తరాలకు మా ఇళ్లలో ఒక ఆడపిల్ల తన పేరు తానే రాసి గోడకు అంటించింది. "అది నీది కాదు, జాతిది" అని ఆ పేరు చెరపమనడం కూడా అన్యాయమే.

చట్టం దగ్గర జవాబు దొరుకుతుందా అని చూశాం. 1957 నాటి కాపీరైట్ చట్టం మనిషికి హక్కు ఇస్తుంది. రాసినవారు, గీసినవారు బతికినంతకాలం, పోయినాక 60 ఏళ్లు. అత్త నుంచి కోడలికి వచ్చిన కుట్టుకు ఆ చట్టంలో కర్త దొరకదు. ఇంకో చట్టం చోటుకు హక్కు ఇస్తుంది. మన పక్కనే ఉన్న పోచంపల్లి ఇక్కత్‌కు, కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ దారిలోనే. మంచిదే. కానీ ఒక చట్టానికి ఒంటరి మనిషి కనిపిస్తాడు, ఇంకో చట్టానికి ఊరు కనిపిస్తుంది. అత్తకూ కోడలికీ, యాడికీ బిడ్డకూ మధ్య జరిగేది రెండింటికీ కనిపించదు. కాబట్టి ఇది మనం తేల్చుకోవాల్సిన ధర్మం.

జన్‌గఢ్ సింగ్ శ్యామ్ సంగతి మన పిల్లలకు చెప్పాలి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన పర్ధాన్ గోండు యువకుడు ఆయన. భోపాల్ భారత్ భవన్‌కు చెందిన చిత్రకారుడు స్వామినాథన్ ఆయనలోని కళను గుర్తించి నగరానికి తీసుకుపోయాడు. తమవాళ్లు పాడుకున్న దేవుళ్లను, కథలను జన్‌గఢ్ కాగితం మీదికి తెచ్చాడు. ఆ తీరుకు ఆయన పేరే పెట్టారు. అయితే ఆ పేరు ఆయన దగ్గరే ఆగలేదు. బంధువులు, ఊరివాళ్లు ఆ దారిలో వచ్చి చిత్రకారులయ్యారు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఒక్క పేరు ఎందరికో తలుపు తీయగలదని ఆయన బతుకు చూపింది. ఆ పేరు మోసేవాడు ఒంటరి కాకుండా చూడాల్సిన బాధ్యత మనదని ఆయన చావు చెప్పింది.

అందుకని మేము అనుకుంటున్నది ఇది. పేరు తీసేయొద్దు, చేర్చండి. సినిమా చివర ఎన్ని పేర్లు పడతాయి! కుట్లు వేసినవారు, దీపాలు పట్టినవారు, పాడినవారు. దానివల్ల దర్శకుడు తక్కువైపోయాడని ఎవరూ అనుకోరు. చీటీ కూడా అట్లా నిజం చెప్పాలి. ఆలోచన బిడ్డది, కుట్టు యాడిది, నేర్పింది అత్త. ఇది కృతజ్ఞత కింద చివర రాసే వరుస కాదు, ఎవరు ఏ పని చేశారో చెప్పే లెక్క. ఈ లెక్క మన పిల్లలే ఎందుకు ముందు రాయాలని అడిగితే, పేరు లేకపోవడం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లం మనమే కనుక అని చెబుతాం.

పేరు రాసినంత మాత్రాన అన్నీ చూపించే హక్కు రాదు. పెళ్లికూతురు పుట్టిల్లు విడిచి పోతూ ఏడ్చే ఢావ్లోను రికార్డు చేసి, హాలులో పొద్దంతా తిరగేసి మోగించవచ్చా? అమ్రాబాద్ అడవిలో చెంచు పెద్దాయన ఫొటో తీసి, "విల్లు పట్టిన మనిషి" అని మాత్రమే రాసి గోడకు వేలాడదీయవచ్చా? ముందు అడగాలి. తండా నాయక్‌ను కాదు, ఏడ్చిన మనిషిని, ఫొటోలోని మనిషిని. వద్దంటే మానుకోవాలి. మంచి పని చేజారుతుంది, మార్కులూ పోవచ్చు. అది కష్టమే. ఆ కష్టం లేకుండా అడగడమంటే ఉత్త మాటే.

తోటి టీచర్లకు ఒక మనవి. డ్రాయింగ్ పీరియడ్‌లో పిల్లలు ముగ్గు వేసినా, పూసలు గుచ్చినా, కింద తమ పేరుతో పాటు "నేర్పినవారు" అని ఇంకో వరుస రాయించండి. ఐదో తరగతిలో అలవాటైతే పట్నం గోడ దగ్గర కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు.

ఇంత చెబుతున్న మేము ఆ రోజు బస్సులో నవ్వి ఊరుకున్నాం. ఆ అత్త పేరేమిటని అడగలేదు. పేర్లు పిలిచి హాజరు వేయడం మా రోజూ పని. అయినా అడగలేదు. తర్వాత తండాకు పోయి అడిగి, మా పుస్తకంలో రాసుకున్నాం. చీటీ మీద రాయాల్సింది మాత్రం ఆ అమ్మాయే.