పురుటింట లింగపూజ

తమిళమును తెలుగును ఒకే వీధిలో వినవచ్చు ఊరు పుత్తూరు. చిత్తూరు జిల్లాలో నుండిన ఈ ఊరు 2022 ఏప్రిల్ నెలలో తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఊరి మాట మారలేదు, ఇండ్లలోని వాడుకలును మారలేదు. అచ్చట ఒక లింగవంతుల ఇల్లు గలదనుకొందురు గాక. పేరు చెప్పవలసిన పనిలేదు. అట్టి ఇండ్లు ఏ ఊర చూచినను పది కనబడును. బజారులో చిన్న అంగడి. ఇంట ముసలితల్లి, కొడుకు, కోడలు. తొలికాన్పు పుట్టింట జరుగుట వాడుక. కాని ఆ కోడలికి పసితనముననే తల్లి పోయినందున కాన్పు అత్తవారి యొద్దనే జరిగినది. ఆసుపత్రిలో ఆడుబిడ్డను కని నాలుగవనాడు ఇల్లు చేరినది.

అత్త చెడ్డది కాదు. గడపలో దిష్టి తీసి బిడ్డను లోనికి ఎత్తుకొన్నది, నీళ్లు కాచినది, దూలమునకు పాతచీరతో ఉయ్యాల కట్టినది. అటుపిమ్మట వాకిటిగదిలో ఒక చాప, ఒక పళ్లెము, ఒక చెంబు వేరుగా ఉంచి, "పురుడు గదమ్మా, పదకొండు దినాలు దేవుని గూటి పక్కకు రాబాకు. మెడలో లింగాన్ని తీసి ఇయ్యి, నేను గూట్లో పెడతాను" అన్నది. కోడలు ఎదురు చెప్పలేదు. మెడలోని లింగకాయను అరచేత మూసి పట్టుకొని చాపమీద కూర్చున్నది. ఇచ్చుటయు లేదు, ఇవ్వనని అనుటయు లేదు. కొడుకు రెండువైపుల చూచి, తాళపుచెవులు తీసికొని అంగడికి పోయినాడు. పురుషులకు అంగడి మంచి దాగుచోటు.

ఈ చిన్న సంగతిలో వీరశైవధర్మము నిలుచుటయో పడుటయో ఉన్నది. జనన సూతకము, మరణ సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము, కుల సూతకము అని లోకము పాటించు అయిదింటిని శరణులు త్రోసివేసిరి. అంటు లేదనుట వారికి వాదమునకై చెప్పిన మాట కాదు. ఇష్టలింగము దేహముపై నున్నంతకాలము ఆ దేహమే దేవాలయము. దేవాలయము మాసములో మూడు దినములో, కాన్పునకు పదకొండు దినములో దేవాలయము కాకుండ పోవునని చెప్పినచో, మిగిలిన దినములలో మాత్రము అది దేవాలయమని ఎట్లు నమ్మవలెను? లింగమును దేహమునుండి వేరుచేయుట వీరశైవునకు ప్రాణముతో సమానమైన నష్టము. ఆ పెద్దమ్మకు ఈ మాట తెలియనిది కాదు. తన లింగమును ఆమె ఒక్కపూటయైనను విడిచి యుండలేదు. ఐనను తన కోడలిని విడువుమన్నది. ఎందువలన?

పక్కయింటివలన. ఎదురింటివారు తమిళులు, వారు దీనిని తీట్టు అందురు. వెనుకటి వీధివారు మైల అందురు. నూరిండ్లలో తొంబది యైదు పాటించు దానిని అయిదిండ్లు విడుచుట కష్టము. "వారింట పురుడైనది, అయినను గూటిలో దీపము పెట్టి అందరు కలిసి తినుచున్నారు" అను మాటకు జంకి, ఎన్నో లింగవంతుల గృహములు బసవేశ్వరుడు మూసిన తలుపును తామే తెరచినవి. విభూతి నుదుట నున్నది, లింగము ఎదపై నున్నది, సూతకము వంటయింట నున్నది.

ఇక్కడ న్యాయమైన మాట ఒకటి చెప్పవలెను. బాలింతను వేరుగదిలో ఉంచుటలో మేలు లేకపోలేదు. పదిమంది వచ్చి పసిబిడ్డను ముద్దాడకుండుటకు, తల్లి పొయ్యివద్దకు, బావివద్దకు పోకుండుటకు ఆ గది అడ్డు. కాన్పయిన స్త్రీకి నిదుర కావలెను, వేడి అన్నము కావలెను, పలుకరించు మనిషి కావలెను. పూర్వులు ఈ విశ్రాంతిని మైల అను పేరుతో కాపాడిరేమో. లోకము మైలకు భయపడునంతగా స్త్రీ అలసటకు జాలిపడదు గదా! కనుక విశ్రాంతి నుంచుకొని మైలను విడువవచ్చును. గది ఉండనిమ్ము, వేరు పళ్లెము అక్కరలేదు. పనినుండి సెలవీయవచ్చును, పూజనుండి సెలవీయ నెవరికిని అధికారము లేదు. ఆమె కూర్చుండలేనిచో పండుకొనియే ఎడమ అరచేత లింగము నుంచుకొని పంచాక్షరి తలచుకొనిన చాలును.

పాల్కురికి సోమనాథుని బసవపురాణము వీరశైవుల ఇండ్లలో పారాయణ గ్రంథము. ఈ ద్విపద కావ్యమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. అందు బసవేశ్వరుని జననకథ యున్నది. మాదాంబ నందికేశ్వరుని నోము నోచి, మూడేండ్లు గర్భభారము మోసి, తాళలేక నందికేశ్వరునితోనే మొరపెట్టుకొన్నది. బిడ్డ పుట్టినంతనే కూడలి సంగమేశ్వరుడు తపస్వి రూపమున ఆ ఇంటికి వచ్చి శిశువునకు లింగధారణ చేసెను. ఇంటివారు ఈ కథను భక్తితో విందురు గాని అందులోని వేళను గమనింపరు. స్వామి వచ్చినది పురిటింటికి. తల్లి ఇంకను మంచము దిగలేదు. పదకొండు దినములు పోనిమ్మని ఆయన వాకిట నిలువలేదు. స్నానములు ముగిసినవా అని అడుగలేదు. ఎనిమిదేండ్లకు జరుగవలసిన ఉపనయనమును బసవన్న వలదన్నది తరువాతి ముచ్చట. ఆ ధిక్కారమునకు బీజము పురిటిమంచము దగ్గరనే పడినది.

ఆ పురాణములోనే బెజ్జమహాదేవి కథ కలదు. ఆమెకు ఒకనాడు ఒక చింత కలిగినది. లోకములో అందరికి తల్లులున్నారు; శివునికి తల్లి లేదు. తల్లి యున్నచో కొడుకును విషము త్రాగనిచ్చునా? తోలు కట్టనిచ్చునా? వల్లకాటిలో తిరుగనిచ్చునా? తల్లి లేని పిల్లవాడు గనుకనే ఇట్లైనాడని తలచి, తానే తల్లియై, లింగమును బిడ్డగా చేసికొన్నది. నూనె రాచినది, నీళ్లు పోసినది, కాటుక పెట్టినది, పాలిచ్చినది, జోలపాడినది. ఆమెను పరీక్షింప దలచి శివుడు గొంతునొప్పి వచ్చిన బిడ్డవలె పాలు ముట్టక యూరకున్నాడు. ఆమె పడిన దుఃఖము తొలిబిడ్డ పాలు కుడువక మొగము త్రిప్పుకొన్ననాడు ప్రతి తల్లియు పడునదే. తుదకు శివుడు ప్రత్యక్షమై వరము కోరుమనగా, మోక్షమడుగలేదు, సిరి యడుగలేదు. బిడ్డ గొంతునొప్పి మానవలెనన్నది. శివుని తల్లి గనుక ఆమె అమ్మవ్వ అయినది.

ఈ కథ విని చిరునవ్వు నవ్వి లేచిపోవుట తగదు. ఆమె చేసిన పనులలో పురిటిపని కానిదేది? పూజలో అభిషేకమనునది తల్లి పోయు నీళ్లే. గంధమనునది ఆమె రాచు నలుగే. ధూపము, నైవేద్యము, పవళింపు సేవ, అన్నియు ఉయ్యాల దగ్గర జరుగుచున్నవి. పాలచెమ్మ అంటిన చీరను శివుడు రోయలేదు, రోసినవారు మనుష్యులు. తల్లి లేని శివునికి ఒక స్త్రీ తల్లి కాగలిగినప్పుడు, తల్లి లేని కోడలికి అత్త తల్లి కాలేదా?

లింగధారణ విషయమున కొంత వివరము అవసరము. గర్భములో నున్నప్పుడే ఎనిమిదవ నెలలో శిశువు కొరకు లింగమును తల్లికి ధరింపజేయుట సంప్రదాయము. పుట్టిన పిమ్మట గురువో జంగమమో వచ్చి బిడ్డకు విభూతి పెట్టి, ఆ లింగమును బిడ్డది చేయుదురు. ఇందు ఆడుబిడ్డ, మగబిడ్డ అను భేదము లేదు. పసిబిడ్డ మెడలో శివదారము గట్టిగాగాని వదులుగాగాని వేలాడుట అపాయము, నిదురలో బిగియవచ్చును. కనుక బిడ్డ పేర తల్లియే ఆ లింగమును ధరించుట మేలు. జాగ్రత్తవలన భక్తికి లోపము రాదు. అట్లే విభూతి చిటికెడంత నుదుట అంటించిన చాలును. పొడి ముక్కులోనికి పోరాదు. సాంబ్రాణి పొగయు తల్లి జుట్టుకు సరియే గాని, పసిగొంతుకు సరిపడదు.

పాల విషయమున కొందరు పెద్దలు ఇంకను పట్టుదల వీడలేదు. మొదటి దినములలో పసుపువన్నెలో చిక్కగా వచ్చు ముర్రుపాలను పిండి పారబోసి, తేనె నాకింతురు. పోలిక చూడుడు: పూజలో తొలి ప్రసాదమును ఎవరైన పారవేయుదురా? రోగములను అడ్డు శక్తి ముర్రుపాలలోనే హెచ్చు. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టుమనియు, ఆరు నెలలు నిండువరకు నీళ్లు సైతము వలదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తేనెలో నుండగల ఒక సూక్ష్మజీవి పసిప్రేగులలో పెరిగి విషము పుట్టింపగలదు గనుక, ఏడాది నిండు వరకు తేనె కూడదు. పుట్టినప్పుడు క్షయకు, పోలియోకు, కామెర్లకు వేయు మందులును, ఆరు, పది, పదునాలుగు వారములకు వేయు సూదులును మూఢముల నెంచక వేయింపవలెను.

కాన్పయిన కొన్ని వారములలో కొందరు తల్లులు ఊరక ఏడ్చుచుందురు. "బిడ్డను పెట్టుకొని ఏడుపేమి, అరిష్టము" అని కసరుట ఇండ్లలో వినుచున్న మాట. నాలుగైదు దినములలో తగ్గిన సరి. రెండు వారములు దాటినను నిదురయు ఆకలియు లేక, బిడ్డను చూడ మనసు రాకున్నచో అది రోగము. దానికి వైద్యము కలదు. దిష్టి తీసినంతమాత్రమున తీరదు.

పుత్తూరు పేరు చెప్పగానే దక్షిణదేశమున అందరికి స్ఫురించునది పుత్తూరు కట్టు. ఎముక విరిగినవారు ఆంధ్రదేశమునుండియు, తమిళ కన్నడ దేశములనుండియు వచ్చి వెదురుబద్దలతో కట్టించుకొని పోవుచుందురు. విరిగిన చేతితో వచ్చినవాడు కట్టువాని కులమడుగడు. కట్టించుకొన్న పిమ్మట ఇంటికి పోయి తలస్నానము చేయడు. కాన్పుగదిలోను అంతే. తల్లి కడుపునుండి బిడ్డను మొట్టమొదట అందుకొన్న చేయి నర్సుది. ఆమె ఏ కులమో, ఏ మతమో నొప్పులు పడుచున్నప్పుడు ఎవరికి కావలెను? బిడ్డ పుట్టువేళకు కుల సూతకము అంతరించి, ఇల్లు చేరువేళకు జనన సూతకము పుట్టుట విచిత్రము. ఆసుపత్రిలో అక్కరకు రాని అంటు ఇంట ఎక్కడినుండి వచ్చినది?

ఆడుబిడ్డ అనగానే మొగము చిన్నబుచ్చుకొను లింగవంతులు లేరనుట అసత్యము. శరణుల ఇంట అట్లు జరుగుట సిగ్గుచేటు. బసవన్న ఇల్లు విడిచినప్పుడు తోడు నడచినది అక్క నాగలాంబిక. ఆమె కన్న చెన్నబసవన్న షట్‌స్థల జ్ఞాని యయ్యెను. అనుభవమండపమున అల్లమప్రభువు అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పి నిలిచినది అక్కమహాదేవి. ఉయ్యాలలో నున్నది ఎవరో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?

ఇక దాసోహమను మాటను తండ్రులు మఠములకే వదలివేసిరి. రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడ్చినప్పుడు లేచి, తడిగుడ్డ మార్చి, భుజమున వేసికొని వాకిట తిరుగుట దాసోహము కాదా? కాయకమునకు అంగడి యొక్కటే చోటు కాదు.

పుత్తూరులోని ఆ కొడుకు అంగడి తెరచెను గాని బేరము సాగలేదు. మధ్యాహ్నము తలుపులు దించి, పై వీధిలోని జంగమయ్యను పిలుచుకొని వచ్చెను. పెద్దమ్మ తొట్రుపడి, "పురుడు అయ్యవారూ, లోపలికి ఎట్ల పిలుస్తాను? పన్నెండోనాడు పిలుద్దామనుకుంటిమే" అన్నది. ఆయన కాళ్లు కడుగుకొని, "సంగమయ్య ఎన్నో దినము వచ్చినాడమ్మా, మాదాంబ ఇంటికి?" అని మాత్రము అడిగెను. ఆ కథను ఆమె యే ప్రతి శ్రావణమాసమున ఇరుగుపొరుగువారికి చెప్పుచుండునది. ఆమె మాటాడలేదు. కొంతసేపటికి వాకిటిగదిలోని పళ్లెమును చెంబును తీసికొనిపోయి వంటయింటి పాత్రలలో కలిపినది. తిరిగి వచ్చి కోడలి ప్రక్కన చాపమీద కూర్చుండి, ఆమె పిడికిలి మెల్లగా విప్పి, లింగమునకు విభూతి అంటించి, అదే చేతిలో ఉంచి వ్రేళ్లు మూసినది.

"బిడ్డను ఇట్ల తేమ్మా, విభూతి పెడతాను" అన్నారు అయ్యవారు. అప్పుడే బిడ్డ ఆకలికి గుక్కపెట్టి ఏడ్వసాగెను. కోడలు అత్త మొగము చూచినది.

"పాలియ్యమ్మా ముందు. అయ్యవారు కూర్చుంటారు" అన్నది అత్త.

ఆయన వాకిటి అరుగుమీద కూర్చుండి, బిడ్డ పాలు కుడిచి ముగించు వరకు వీధి చూచుచుండెను.