తూకపు రాళ్ళు

అంగడిలో తూకము తక్కువ చేయుట అచౌర్యవ్రతమునకు అతిచారమని మన పెద్దలు చెప్పుదురు. కొనుట కొక రాయి, అమ్ముట కొక రాయి ఉంచుకొన్న వర్తకుడు ఎన్ని పూజలు చేయించినను శ్రావకు డనిపించుకొనడు. ఈ నియమము అంగడి గడపవద్దనే ఆగిపోవునా, ఇంటిలోనికి కూడ వచ్చునా అన్నది ఇచట నేనడుగదలచిన ప్రశ్న.

పెండ్లియై నాలుగేండ్లు గడచినను కడుపు పండని కోడలిని చూడుడు. "విశేషమేమైన కలదా?" అని వచ్చినవారెల్ల ఆమెనే అడుగుదురు. వైద్యునియొద్దకు మొదట ఆమెనే తీసికొనిపోవుదురు. లోపము పురుషునియందును ఉండవచ్చునని వైద్యులు ఎంత చెప్పినను, కొడుకును పరీక్ష చేయించుకొమ్మనుటకు తల్లిదండ్రులకు నోరు రాదు. ఇది ఒక రాయి.

1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ అను శిశువు, అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషిఫలముగా దుర్గ అను శిశువు జన్మించిరి. శరీరము వెలుపల అండమును ఫలింపజేయు ఆ పద్ధతి నేడు మన పట్టణములకును వచ్చినది. దానివెంట ఒక భయమును వచ్చినది: ఇట్లు కలిగిన బిడ్డలకు పుట్టుకతో లోపములుండునేమో యని. అట్టి బిడ్డ పుట్టినచో మరల నింద తల్లికే. "మందులు మ్రింగి బిడ్డను చెడగొట్టుకొన్నది" అందురు. ఆ మందులకు ఆమెను పంపినవారును వీరే. ఇది రెండవ రాయి.

సరియైన తూకమెట్లుండునో చూతము. దక్షిణ ఆస్ట్రేలియాలో మూడు లక్షలకు పైబడిన కాన్పులను పరిశీలించి 2012లో ఫలితములు ప్రకటించిరి. సహజముగా గర్భము వచ్చినచోట నూటికి 5.8, వైద్యసహాయముతో వచ్చినచోట నూటికి 8.3 చొప్పున శిశువులకు లోపములు కనబడినవి. తల్లి వయస్సు మొదలైనవి లెక్కలోనికి తీసికొన్న పిమ్మట, గాజుపాత్రలో అండమును బీజమును కలిపి ఉంచు పద్ధతిలో స్పష్టమైన ఆధిక్యము మిగులలేదు. ఒకే బీజకణమును సూదితో అండములోనికి ఎక్కించు పద్ధతిలో మాత్రము మిగిలినది. ఆ పద్ధతి ముఖ్యముగా పురుషుని లోపమునకై ఏర్పడినదే. మరియొక సంగతి: సంతానలేమిచే బాధపడి, తుదకు చికిత్స లేకయే గర్భము దాల్చిన స్త్రీల బిడ్డలలోను లోపములు కొంత అధికముగనే ఉండెను. కావున దోషమంతయు చికిత్సది కాదు. చేయించుకొన్న తల్లిది అసలే కాదు. నూటికి తొంబదిమందికి పైగా ఏ లోపము లేక పుట్టిరన్నదియు తూకమున వేయవలెను.

"ఆమె పూర్వకర్మ" అనువారు కలరు. కర్మసిద్ధాంతము తన్ను తాను శోధించుకొనుటకే గాని, ఇతరులపై తీర్పు చెప్పుటకు కాదు. మాటతో మనస్సు నొప్పించుటయు హింసయే. పైగా కొడుకు శ్రాద్ధము పెట్టనిదే గతి లేదని మన ధర్మము చెప్పలేదు. ఎవరి మోక్షమునకు వారే కర్తలు. వంశము నిలువవలెనన్న ఆరాటము శాస్త్రమునుండి కాక అంగడి పేరుపలకనుండి వచ్చినది. బిడ్డ కావలెనను కోరిక తప్పు కాదు. దాని వెల ఒక్కతెచేతనే కట్టించుట తప్పు.

మరి చేయవలసినదేమి? దంపతులిరువురును కలిసి పరీక్షకు పోవలెను. సూది పద్ధతి తమకేల అవసరమో వైద్యుని అడుగవలెను. ఒక్క పిండమునే గర్భమున నుంచినచో కవలల కాన్పులోని ప్రమాదములు తగ్గును. ఫోలిక్ యాసిడ్ మాత్రలను గర్భమునకు ముందునుండియే వాడినచో శిశువు మెదడు, వెన్నుపాములకు కలుగు కొన్ని లోపములు చాలవరకు తప్పును. మిగిలిన పిండములు ఏమగునో ముందే తెలిసికొనవలెను. అహింసావ్రతులకు అది చిన్న ప్రశ్న కాదు. అక్కరకు మించి కలిగింపకుండుటయే మేలు. చికిత్స వలదనుకొన్నవారికి 1956 నాటి దత్తత చట్టము కలదు. అది జైనులకును వర్తించును.

ఇంతచేసియు లోపముతో బిడ్డ పుట్టినచో? ఆ దేహములో నున్నదియు మనయందున్నట్టి జీవుడే. గ్రహణపు మొఱ్ఱివంటివి శస్త్రచికిత్సతో సరియగును. సరికానిదానిని ఇల్లంతయు కలిసి మోయవలెను. కొనుటకు, అమ్ముటకు ఒకే రాయి వాడు మనము, కొడుకునకు, కోడలికి కూడ ఒకే రాయి వాడుదము.