వెనుక వచ్చేవారి హక్కు



అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా కొందరి ఇళ్ల ముందు, మెకానిక్ షెడ్లలో ఆ పాత కార్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వాటిలో బ్రేక్ ఆయిల్ గొట్టానికి బిగించిన చిన్న స్విచ్ ఒకటుంటుంది. పెడల్ తొక్కగానే ఆయిల్ ఒత్తిడికి దాని లోపలి పాయింట్లు కలుసుకుంటాయి. వెనుక ఎర్రలైటు వెలుగుతుంది. పాయింట్లు కాలిపోతే లైటు వెలగదు.

కాస్త ఆలోచించండి. హారన్ మోగకపోతే నడిపేవానికి వెంటనే తెలుస్తుంది. ఈ లైటు ఆరిపోతే అతనికి తెలియదు. దాని ఫలితం అనుభవించేది వెనుక బండి మీద భార్యాబిడ్డలతో వస్తున్న మనిషి. స్విచ్ మన కారులోనే ఉంది, కాని దాని మీద హక్కు అతనిది.

పరీక్షించడం కష్టమేమీ కాదు. తాళం తిప్పి, స్విచ్‌కున్న రెండు వైర్లనూ ఊడదీసి ఒకదానికొకటి తాకించాలి. లైటు వెలిగితే స్విచ్ చెడిందన్నమాట. వెలగకపోతే ఫ్యూజు, బల్బు, వైరు, ఎర్తు చూసుకోవాలి.

కొందరు ఆ వైర్లను అలాగే కలిపి వదిలేస్తారు. ఎప్పుడూ వెలుగుతూ ఉండే బ్రేక్ లైటు అబద్ధపు సాక్షి వంటిది. మరికొందరు కొత్త స్విచ్ బిగించి, గొట్టంలో చేరిన గాలి తీయకుండానే కారు పంపేస్తారు. లైటు వెలుగుతుంది గాని బ్రేకే సరిగా పడదు!

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీసి, మోసాన్ని తీవ్రంగా ఖండించారు. ధాన్యం తడవడం తప్పు కాదు, దాచడమే తప్పు. స్విచ్ చెడిపోవడమూ అంతే.

మెకానిక్ సోదరులారా! మీ చేతికొచ్చిన కారు అమానతు. యజమాని చూడని చోట కూడా పని సక్రమంగా చేయండి. కారు అమ్మే సోదరులారా! లోపం చెప్పి అమ్మండి. నడిపే సోదరులారా! బయలుదేరే ముందు ఒకరిని వెనుక కాస్త దూరంలో నిలబెట్టి, పెడల్ తొక్కి లైటు చూడమనండి.

మన కంటికి కనబడని మన లోపాల వల్ల ఇతరులకు హాని కలగకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.