14వ నంబరు కార్డు

ఒక జిల్లా కేంద్రంలో పెద్ద ఆసుపత్రి ఉండేది. డాక్టర్లు, నర్సులు, ల్యాబు వాళ్లు, వార్డులు ఊడ్చేవాళ్లు, స్ట్రెచర్లు తోసేవాళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్లు, అంతా కలిపి రెండు వందల మంది పైచిలుకు పనిచేసేవాళ్లు. ఎవరు ఆసుపత్రి మనిషో ఎవరు బయటి మనిషో తెలియక రోగుల బంధువులు తికమకపడటం యజమాని కంటబడింది. అందరికీ ఐడీ కార్డులు వేయిద్దామనుకుని, బస్టాండు వెనక సందులో చిన్న షాపు నడిపే కార్డులాయనకు కబురు పెట్టాడు.

కార్డులాయన పని తెలిసినవాడు. జూన్‌లో బడులు తెరిచారంటే అతని షాపులో మిషను రాత్రి పదింటిదాకా ఆగేది కాదు. ఏ-4 సైజు తెల్లటి ప్లాస్టిక్ షీటు మీద పది కార్డులు పట్టేలా పేర్చి ప్రింటు తీసేవాడు. ముందు షీటుకూ వెనక షీటుకూ మధ్య మరో షీటు పెట్టి, వేడి మిషన్లో అదిమితే మూడూ ఒక్కటిగా అతుక్కునేవి. చల్లారాక కట్టర్లో పెట్టి నొక్కితే 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పుతో, సరిగ్గా ఏటీఎం కార్డు సైజులో, మూలలు గుండ్రంగా తేలి కార్డు ఊడిపడేది. ముందు వెనకలు కాస్త జరిగినా పదికి పది కార్డులూ పాడయ్యేవి. అందుకే షీట్లు సరిచూసి పేర్చే పనిని మాత్రం అతను కుర్రాళ్లకు వదిలేవాడు కాదు.

యజమాని తనకు కావలసినవి చెప్పాడు. కార్డులో పై సగం ఆసుపత్రి పేరు, గుర్తు ఉండాలి. వెనకవైపు భవనం ఫోటో నిండుగా రావాలి. డాక్టర్లకు నీలం కార్డు, నర్సులకు ఆకుపచ్చ, వాటిమీద ఫోటో, ఇంగ్లీషులో పేరు. కాంట్రాక్టు మీద వచ్చే పనివాళ్లకు మాత్రం బూడిదరంగు కార్డు, దానిమీద సహాయక సిబ్బంది అన్న మాట, ఒక నంబరు చాలు. వాళ్లు ఇవాళ ఉంటారు, రేపు మానేస్తారు. పేరు వేస్తే మనిషి మారినప్పుడల్లా కొత్త కార్డు వేయించాలి. నంబరైతే ఒకరి మెడలోంచి తీసి ఇంకొకరి మెడలో వేయవచ్చు. ఈ లెక్క అందరికీ సబబుగానే తోచింది. కార్డులాయన ప్రూఫు చూపించి, సంతకం తీసుకుని, ఆర్డరు ఎలా ఇచ్చారో అలాగే వేసిచ్చాడు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. వానాకాలంలో ఒక రాత్రి, జ్వరంతో చేరిన ఒక ముసలమ్మ మతి తప్పి మంచం దిగింది. పక్కనే పడుకున్న కూతురికి మెలకువ రాలేదు. ముసలమ్మ వెనక మెట్లమీదుగా కిందికి పోయి, జనరేటరు గది దగ్గర వానలో తడుస్తూ నిలబడింది. చెత్త పారబోయడానికి వచ్చిన ఒక పనిమనిషి ఆమెను చూసింది. చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి, తల తుడిచి, డ్యూటీ అయ్యాక కట్టుకుందామని సంచిలో తెచ్చుకున్న తన చీర ఆమెకు చుట్టి, మంచం మీద పడుకోబెట్టింది. కూతుర్ని లేపి, ముసలమ్మకు వణుకు తగ్గేదాకా పక్కనే కూర్చుంది. తెల్లారగానే డ్యూటీ దిగి వెళ్లిపోయింది. కూతురికి గుర్తున్నది ఆమె మెడలోని కార్డు మీద 14 అన్న అంకె ఒక్కటే.

డిశ్చార్జి రోజు కూతురు ఒక కొత్త చీర కొని ఆఫీసుకు వెళ్లి, 14వ నంబరు మనిషిని పిలవమంది. ఆ కార్డు మూడు షిఫ్టుల్లో ముగ్గురు వేసుకుంటారని అక్కడ తేలింది. ఒకరు దిగేటప్పుడు గోడకున్న మేకుకు తగిలించిపోతే, ఎక్కేవాళ్లు తీసి వేసుకునేవాళ్లు. ముగ్గురిలో ఇద్దరు ఆ రాత్రి తాము లేమన్నారు. మూడో ఆమె ముందురోజే నాట్లకని ఊరెళ్లిపోయింది. ఏ ఊరో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టరు పుస్తకంలో రోజుకు ఎంతమంది వచ్చారన్న లెక్కే తప్ప పేర్లు లేవు. కూతురు చాలాసేపు చూసి, చీర హెడ్ నర్సు చేతికిచ్చి వెళ్లింది.

మరుసటి నెలలో అదే వార్డులో ఒక సెల్‌ఫోను పోయింది. 14వ నంబరు మనిషి అటు తిరిగిందని ఎవరో అన్నారు. ఈసారి ఏ 14 అని ఎవరూ అడగలేదు. అప్పటికి ఆ కార్డు వేసుకుంటున్న ముగ్గురినీ పిలిపించి, అందరి ఎదుటా నిలబెట్టి, సంచులు విప్పించి, రోజు కూలి కోశారు. సాయంత్రానికి ఫోను ఉతుక్కు పోయిన దుప్పట్ల మూటలో దొరికింది. కూలి తిరిగి ఇచ్చారు గాని, ముగ్గురిలో ఇద్దరు మళ్లీ పనిలోకి రాలేదు.

ఆ రోజే హెడ్ నర్సు బీరువాలోని చీర తెచ్చి యజమాని బల్లమీద పెట్టి, దాని కథ చెప్పింది. అది అతని మనసుకు తగిలింది. మళ్లీ కార్డులాయనను పిలిపించాడు.

ఈసారి కార్డులాయన తనకు తోచింది దాచుకోలేదు. మెడలో వేసే ట్యాగు, హోల్డరు ఎన్నాళ్లయినా వాడుకోవచ్చని, మనిషి మారితే లోపలి కార్డు ఒక్కటి మారిస్తే చాలని చెప్పాడు. ఒక్క కార్డు కోసం షీటంతా వృథా చేయనక్కర లేదని, బడి కార్డుల షీట్లో ఒక గడి ఖాళీ ఉన్నప్పుడు అందులో వేసి ఇస్తానని ఒప్పుకున్నాడు. ఆసుపత్రి పేరు చిన్నది చేసి, మనిషి పేరు తెలుగులో పెద్దగా, దాని కింద ఇంగ్లీషులో పెట్టాడు. ఒక్క కొక్కేనికి వేలాడే కార్డు నడకలో తిరగబడుతుంది, అప్పుడు ఎదుటివాళ్లకు వెనకభాగమే కనబడుతుంది. అందుకని భవనం ఫోటో తీసేసి వెనక కూడా అదే పేరు వేశాడు, కింద బ్లడ్ గ్రూపు చేర్చాడు.

ఆసుపత్రి వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టి పనివాళ్లందరికీ ఫోటోలు తీశాడు. ఒకే పేరుతో నలుగురు తేలితే ఇంటిపేర్లు అడిగి రాసుకున్నాడు. ఫోను పోయిన రోజు నిలబడ్డ ముగ్గురిలో మిగిలిన ముసలావిడ కూడా వరసలోకి వచ్చింది. ఆఫీసులో అందరూ పద్నాలుగూ అనే పిలవడం అలవాటై, పేరు అడిగితే ముందు నంబరే చెప్పింది. కార్డు చేతికొచ్చాక ఆమెకు చదువు రాకపోవడంతో పక్కనున్న పిల్ల చేత రెండుసార్లు చదివించుకుంది.

ఆ తర్వాత ఫిర్యాదు వస్తే ఒక మనిషి మీదే వచ్చేది, మెప్పు వచ్చినా ఆ మనిషికే చేరేది. నాట్లకు వెళ్లినామె మాత్రం తిరిగి రాలేదు. ఎంత వెతికించినా ఆమె జాడ తెలియలేదు.

నీతి: పేరు లేని చోట చేసిన మేలుకు మనిషి దొరకడు, నింద మాత్రం అక్కడున్న అందరి మీదా పడుతుంది. సంస్థ ఏదైనా, తన దగ్గర పనిచేసే మనిషి పేరు రాసుకోవడానికయ్యే ఖర్చును దుబారా కింద లెక్కకట్టకూడదు.